చెరువు చేసే పని

దీపావళి వెళ్లగానే వచ్చే దున్నపోతుల పండుగ సదర్‌లో జనం దున్నపోతు కొమ్ములు చూస్తారు, మెడలో గవ్వల దండ చూస్తారు, ముందుకాళ్లు పైకెత్తి నిలబడితే ఈలలు వేస్తారు. నా చూపు మాత్రం దాని తోలు దగ్గరే ఆగిపోతుంది. వీధిదీపం వెలుగు పడితే జారిపోయేంత నునుపు. హైదరాబాద్ నారాయణగూడ సదర్ 1946లో మొదలైందని యాదవ పెద్దలు చెబుతారు. 2024లో తెలంగాణ ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగ చేసింది. ఆ ఒక్క రాత్రి గురించి రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. ఈ వారం ఆ నిగనిగ వెనక ఏడాది పొడుగునా సాగే చాకిరీ గురించి.

పాతబస్తీలో గౌలిపురా వైపు నేను అప్పుడప్పుడూ వెళ్లే కొట్టం ఒకటుంది. పాలు పితకడం అయ్యాక అక్కడ కడగడం మొదలవుతుంది. పైపుతో నీళ్లు కొట్టి, వీపు మీంచి పొట్ట కిందిదాకా పీచుతో రుద్దుతారు. తోక మొదలు, చెవుల వెనక, తొడల సందులు వేళ్లతో తడుముతారు. గోమార్లు దాక్కునేది అక్కడే. ఒళ్లు ఆరాక అరచేతిలో నూనె పోసుకుని మర్దన చేస్తారు. పండుగ దగ్గరపడితే వెంట్రుకలు గొరిగిస్తారు, కొమ్ములకూ నూనె పట్టిస్తారు. హర్యానా నుంచి వచ్చే ఖరీదైన ముర్రా దున్నకైనా, ఇంట్లో పుట్టిన దానికైనా సేవ ఇదే.

‘‘నూనె మెరుపు కోసమేనా?’’ అని కొట్టం మనిషిని అడిగాను.

‘‘మెరుపు చూసేటోళ్లకు సార్. దీనికి గావాల్సింది తోలు ఎండకుండ ఉండుడు. ఎండితె గోడకు గీక్కుంటది, గీక్కుంటె పుండైతది. రోజు చెయ్యి వెడితెనే ఏడ గడ్డ లేసింది, ఏడ నొస్తుంది ఎర్కయితది.’’

చర్మవ్యాధుల పుస్తకం ఏదైనా ఇంతకన్నా సూటిగా చెబుతుందనుకోను. ఆవుతో పోలిస్తే బర్రెజాతికి చెమట గ్రంథులు బాగా తక్కువ. దూడప్పుడు ఒత్తుగా ఉండే వెంట్రుకలు పెరిగేకొద్దీ పలచబడిపోతాయి. నల్లటి తోలు ఎండను పీల్చుకుంటుంది. అందుకే అది నీళ్లు వెతుక్కుంటుంది, బురదలో పొర్లుతుంది. నీళ్లు ఒంటిని చల్లబరుస్తాయి. ఒంటిమీద ఆరిన బురద ఈగల్నీ, రక్తం పీల్చే పురుగుల్నీ దగ్గరికి రానివ్వదు. బర్రెను చూసి మురికి జంతువని మొహం తిప్పుకునేవాళ్లు చూసేది దాని స్నానాన్నే.

మరి ఊరి మధ్య కొట్టంలో ఆ బురద ఏది? మూసీ ఇవాళ ఏ పశువునూ దింపదగ్గ నీరు కాదు. చెరువుల అంచులకు ప్రహరీలు లేచాయి. గల్లీలో మిగిలింది సిమెంటు నేల, బోరు నీళ్ల పైపు. చెరువు ఊరికే చేసిపెట్టిన పనిని ఇప్పుడు మనిషి రోజూ చెయ్యాలి. చల్లదనానికి పైపు, పురుగులకు వేళ్లు, బురద పూతకు బదులు నూనె. దాన్ని ముస్తాబు అంటున్నాం గానీ నిజానికి అది బాకీ తీర్చడం.

ఈ లెక్క బర్రెతో ఆగదు. ఈమధ్య మన ఊళ్లో విదేశీ పెంపుడు జంతువుల మోజు పెరిగింది. చిన్చిల్లా అనే చిట్టి జంతువునే తీసుకోండి. దాని సొంతూరు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. బర్రెకు పూర్తిగా ఎదురు. ఒక్కో వెంట్రుక కుదుటి నుంచి యాభైకి పైగా సన్నటి పోగులు వస్తాయి. నీళ్లు పోస్తే ఆ బొచ్చు లోపల తడి ఆరదు, బూజు పట్టి చర్మం చెడుతుంది. అది మెత్తటి అగ్నిపర్వత ధూళిలో పొర్లి ఒంటి జిడ్డు వదిలించుకుంటుంది. మురగీచౌక్ బజారులో అమ్మే కోళ్లకు కాస్త మట్టి దొరికితే చేసేదీ ఇలాంటి పనే. పెంచేవాళ్లు వారానికి రెండు మూడుసార్లు ధూళి నింపిన గిన్నె కాసేపు బోనులో పెట్టి తీసేస్తే చాలు. అసలు కష్టం ఎండ. గది వేడి పాతిక డిగ్రీలు దాటితేనే దానికి గండం. మే నెలలో మనకు నలభై దాటుతుంది. ఏసీ ఆగిన మధ్యాహ్నం దాని బొచ్చే దానికి ఉచ్చు. దాని కొండను ఇక్కడ కట్టివ్వడం పెంచేవాడి జేబుకూ, కరెంటుకూ సంబంధించిన మాట.

సదర్‌లో నాకు నచ్చనిదీ ఈ లెక్కలోనే తేలుతుంది. ఏడాదంతా కాపాడిన తోలు మీద ఆ ఒక్క పూట రసాయన రంగులెందుకు? డీజే హోరు, చెవి పక్కన టపాసులు ఎవరి కోసం? పసుపు, నూనె, నెమలి పింఛాలతోనే ఆ నలుపుకు కావలసినంత అందం వస్తుంది. రాష్ట్ర పండుగ అయ్యింది కాబట్టి నిర్వాహకులు ఈపాటి నియమం పెట్టుకోవచ్చు. ప్రభుత్వమూ ఊరేగింపు దారిలో నీళ్ల తొట్లు, పశువైద్యుడు ఉండేలా చూడొచ్చు.

ఇంట్లోకి జంతువును తెచ్చుకోవాలనుకునే వాళ్లు బ్రష్షులు, షాంపూల ధర తర్వాత అడగండి. ముందు అడగాల్సింది, అది ఏ చోటును వదులుకుని వస్తోందని. ఆ చోటు చేసే పని రోజూ మీ చేతులు చేయగలిగితేనే తెచ్చుకోండి.