నెలలో నవల: చెప్పే గొంతు, రాసే చెయ్యి

విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ చెప్పడానికి పట్టింది ఇరవై తొమ్మిది రోజులు. 1934లో ఆయన ఆశువుగా చెబుతూ పోతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు రాస్తూ పోయారు. అచ్చులో దాదాపు వెయ్యి పేజీలు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీలో అడివి బాపిరాజు ‘నారాయణరావు’తో కలిసి బహుమతి పంచుకుంది. ఆ దశకంలోనే విశ్వనాథ మా గుంటూరు ఏసీ కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పారు.

అమెరికాలో క్రిస్ బేటీ, ఆయన మిత్రులు 1999లో నెల రోజుల్లో 50,000 మాటల నవల రాయాలని పూనుకున్నారు. తర్వాత 2024 దాకా అది ఏటా నవంబరులో ప్రపంచమంతా పందెంగా సాగింది. మనకది కొత్త కాదు. పైగా మన పద్ధతిలో వాళ్ల పద్ధతికి లేని బలం ఒకటుంది: ఒకరు చెప్పడం, ఒకరు రాయడం.

విశ్వనాథ, అవధాని చెళ్లపిళ్ల వేంకటశాస్త్రికి శిష్యుడు. అవధానాల నీడలో పెరిగినవాడికి నోట వచ్చిన మాటను వెనక్కి తీసుకునే అలవాటుండదు. ఒంటరిగా రాసేవాడు ప్రతి పేరా దగ్గరా ఆగి, కొట్టేసి, మళ్లీ మొదలెడతాడు. చెప్పేవాడికి ఆ వీలు లేదు. ఎదురుగా కలం పట్టుకుని మనిషి కూర్చున్నాడు. ఆ మనిషే తొలి పాఠకుడు కూడా. కథ ఎక్కడ అర్థం కాకపోతే అక్కడ కలం ఆగుతుంది. రష్యాలో దొస్తయేవ్‌స్కీ 1866లో ‘జూదరి’ నవలను స్టెనోగ్రాఫర్ అన్నాకు చెప్పి ఇరవై ఆరు రోజుల్లో ముగించిందీ ఇలాగే. ‘వేయిపడగలు’లో కథ పక్కదారులు పడుతుందని విసుక్కునేవాళ్లున్నారు. నాకైతే ఆ పక్కదారుల్లోనే మనిషి గొంతు వినిపిస్తుంది.

అయితే నెల అన్నది చెప్పడానికే. ‘వేయిపడగలు’లోని సుబ్బన్నపేట విశ్వనాథలో ఏళ్ల తరబడి నానింది. ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో కూర్చుని ‘మాలపల్లి’ రాశారంటే, అంతకుముందే పల్నాడు, గుంటూరు పల్లెల కష్టం ఆయన కళ్లారా చూసి ఉన్నారు.

అలా నానిన సరుకు ఈ పత్తి, మిరప నేలల్లో ఇంకా ఎంతో ఉంది. 1987లో తెల్లదోమ పత్తిని మింగేసినప్పుడు అప్పుల పాలైన రైతులు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఏడాదిని చూసినవాళ్లు ఇప్పుడు తాతలు, అమ్మమ్మలు. పురుగుమందు కొట్టు బాకీ, కౌలు తగాదా, మిరప కల్లాల కాపలా, కోతల కూలీల మాటలు వాళ్ల నాలుక మీదున్నాయి. వాళ్లను రాయమంటే రాయరు. చెప్పమంటే తెల్లారేదాకా చెబుతారు.

వాళ్ల చేత అలా నెలలో నవల చెప్పించాలంటే నవంబరు మనకు కుదరదు. అప్పుడు చేలల్లో పత్తి తీత. మే నెల మంచిది. చేలు ఖాళీ, మిర్చి యార్డుకూ వేసవి సెలవులు, పిల్లలు ఇంటి దగ్గరే ఉంటారు. మాటలు లెక్కపెట్టే గొడవ వద్దు, రోజుకు ఇన్ని పేజీలని పెట్టుకోండి. మధ్యలో దిద్దకండి. ఏ రోజుకారోజు సన్నివేశం సగంలో ఉండగానే ఆపండి, మర్నాడు ఎత్తుకోవడం తేలిక. ఫోనులో రికార్డు చేసుకున్నా సరే, పక్కన వినే మనిషి మాత్రం ఉండాలి.

వచ్చే వేసవికి మీ ఇంట్లో పెద్దవాళ్ల పక్కన ఒక నోటు పుస్తకం పట్టుకుని కూర్చోండి.