మూడు తరాల ఇంట్లో 'ఏడు తరాలు'

అలెక్స్ హేలీ 1976లో ఇంగ్లీషులో రాసిన 'రూట్స్' నవలను సహవాసి గారు 'ఏడు తరాలు' పేరుతో సంక్షిప్తంగా తెలుగు చేశారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించింది. ఎన్నో ముద్రణలు వచ్చిన పుస్తకం. నాకు తెలిసిన ఆదివాసీ టీచర్లలో చాలామంది దీన్ని చదివినవాళ్లే. అయితే ఒంటరిగా చదివి పక్కన పెట్టే పుస్తకం కాదిది. మా ఇంట్లో మూడు తరాలవాళ్లం చదివాం, విన్నాం. ఒక్కొక్కరికి ఒక్కో చోట గుండె ఆగింది. ఆ చోట్లను చూస్తే నవల బలం తెలుస్తుంది.

కథ మీకు తెలిసిందే. గాంబియా దేశంలో జుఫూరే అనే పల్లె. కుంటా కింటే అనే మాండింకా యువకుడు డోలు చేసుకుందామని కట్టె కోసం అడవికి పోయి, బానిసల వేటగాళ్లకు చిక్కుతాడు. 1767లో ఓడలో అమెరికా చేరతాడు. పేరు మార్చి టోబీ అన్నారు. పారిపోతుంటే పట్టుకుని పాదం నరికారు. అతని బిడ్డ కిజ్జీ, ఆమె కొడుకు జార్జి, అతని కొడుకు టామ్, ఆ తర్వాత సింథియా, బెర్తా, చివరికి రచయిత అలెక్స్. మొత్తం ఏడు తరాలు.

మా బాపుకు అక్షరం రాదు. నేను తెలుగులో చదువుతూ గోండీలో చెబితే విన్నాడు. కొరడా దెబ్బల దగ్గర ఆయన ఏమీ అనలేదు. సొరబుర్ర దగ్గర మాత్రం ఆపమన్నాడు. కుంటా ప్రతి అమావాస్య దాటగానే ఒక గులకరాయి బుర్రలో వేసి తన వయసు లెక్క పెట్టుకుంటాడు. కిజ్జీని అమ్మేసిన రోజున ఆ బుర్రను పగలగొడతాడు. "బిడ్డే పోయినంక ఆ లెక్క ఎవరికి అప్పజెప్తడు?" అన్నాడు బాపు. చదువు రాని మనిషికీ ఒక రికార్డు ఉంటుంది, దాన్ని అందుకునేవాళ్లు లేకపోతే అది ఉత్త రాళ్ల కుప్పే. విమర్శకులు పేజీలు రాసినా ఇంతకన్నా సూటిగా చెప్పలేరనుకుంటాను.

నేను ఆగింది మాటల దగ్గర. కుంటా తన బిడ్డకు ఆస్తి ఇవ్వలేడు, స్వేచ్ఛ ఇవ్వలేడు. తంత్రీ వాద్యాన్ని 'కో' అంటారనీ, నదిని 'కాంబీ బొలోంగో' అంటారనీ చెప్పగలడు. ఆ నాలుగు మాటలే తరాలు దాటాయి. టెనెసీలోని హెన్నింగ్‌లో నాయనమ్మల వయసు ఆడవాళ్లు వరండాలో కూర్చుని చెప్పుకుంటుంటే చిన్ననాటి అలెక్స్ చెవిన పడ్డాయి. నేను హాస్టల్లో చదివే రోజుల్లో గోండీ మాట్లాడితే అరచేతి మీద బెత్తం పడేది. కుంటా గుర్తుంచుకున్న మాటలు చదివినప్పుడు, మాట పోతే వెనక ఏమేం పోతుందో అర్థమైంది. బడిలో పిల్లాడు 'ఏర్' అంటే 'నీళ్లు అనాలి' అని దిద్దే టీచరు, ఆ రెండు మాటలనూ బోర్డు మీద పక్కపక్కన రాయవచ్చు.

ఇంటర్ చదివే మా అమ్మాయికి ఇవేవీ పెద్దగా పట్టలేదు. ఆమె కిజ్జీ గురించి అడిగింది. దొర ఇంటి పిల్లతో ఆడుకుంటూ కిజ్జీ అక్షరాలు నేర్చుకుంది. నోవా అనే కుర్రాడు పారిపోవడానికి దొంగ అనుమతి పత్రం రాసిచ్చింది. అది బయటపడి ఆమెను అమ్మేశారు. "చదువుకుంటే బాగుపడతామని మీరు చెప్తరు కద బాపూ, ఆమె చదువుకున్నందుకే ఆగమైంది కద?" అని అడిగింది. చదువు ఎవరి చేతిలో ఉండాలో నిర్ణయించే దొరతనం పోనంతకాలం అక్షరానికి రెండు వైపులా పదునే. ఇంకో మాట కూడా అంది. ఈ ఏడుగురిలో కిజ్జీ, సింథియా, బెర్తా ఆడవాళ్లు. మన సగ, ఇంటిపేరు తండ్రి వైపే నడుస్తాయి. పర్ధాన్లు కిక్రి వాయిస్తూ చెప్పే వంశ కథల్లోనూ అంతే. "నా తర్వాత నా కథ ఎవరి లెక్కలో ఉంటది?" అంది. దీనికి మన పెద్దలే కాదు, మనమూ జవాబు చెప్పాలి.

ఈ నవల మీద ఉన్న అభ్యంతరాలను పిల్లలకు దాచకూడదు. హెరాల్డ్ కూర్లాండర్ రాసిన 'ది ఆఫ్రికన్' నవలలోని భాగాలు ఇందులో ఉన్నాయని కేసు పడితే, 1978లో హేలీ ఆ సంగతి ఒప్పుకుని రాజీపడ్డాడు. జుఫూరేలో హేలీకి వంశ కథ చెప్పిన వృద్ధుడు సంప్రదాయ కథకుడు కాడనీ, వచ్చినవాడు ఏం వినాలనుకుంటున్నాడో ఊరివాళ్లకు ముందే తెలుసనీ 1977లోనే ఒక బ్రిటిష్ విలేకరి రాశాడు. కాబట్టి దీన్ని చరిత్ర సాక్ష్యంగా చూపించలేం. బానిసత్వం మాత్రం నిజం. ఓడలు నిజం, తెగిన కుటుంబాలు నిజం. నవలగా దాని విలువ అక్కడ నిలుస్తుంది.

ఈ లోపం నుంచి మనకు పని నేర్పే విషయం ఒకటుంది. మన యువకులు సెల్‌ఫోన్లతో పెద్దల కథలు రికార్డు చేస్తున్నారు. సంతోషం. కానీ "మన పూర్వీకులు రాజులే కదా తాతా?" అని అడిగితే తాత అవునంటాడు. జవాబు మనం నోట్లో పెట్టకూడదు. ఒకే కథను ఇద్దరు ముగ్గురి దగ్గర వినాలి. తేడాలుంటే తేడాలతోనే రాయాలి. ఎవరు చెప్పారు, ఏ గూడెం, ఏ పండుగప్పుడు చెప్పారు అన్నది పక్కన రాయాలి. గోండీ మాటను గోండీలోనే ఉంచి, తెలుగు అర్థం కింద ఇవ్వాలి. తల్లి వైపు కథ తప్పకుండా అడగాలి.

మా అమ్మాయి నోటు పుస్తకంలో బాపు చెప్పిన తండ్రి వైపు పేర్లు ఆరు తరాల దాకా ఉన్నాయి. తల్లి వైపు మూడో పేరు దగ్గర ఆగిపోయాయి. వచ్చే సెలవుల్లో వాళ్ల అమ్మమ్మ ఊరికి పోయి అడుగుతానంటోంది. ఈ నవల చదివిన ప్రతి ఇంట్లో ఇలాంటి నోటు పుస్తకం ఒకటి మొదలుకావాలి. టీచర్లుగా మనం ముందు మన ఇంట్లో మొదలుపెట్టి, ఆ తర్వాత తరగతిలో పిల్లల చేత రాయిద్దాం.