అసలువేనా?

అమ్మ ముత్యాల దండ దారం పాతబడి తెగిపోతే మళ్లీ గుచ్చించడానికి హైదరాబాద్‌లోని పత్తర్‌గట్టి బజారుకు తీసుకెళ్లాను. గుచ్చే పెద్దాయన ఒక ముత్యాన్ని పట్టకారుతో పట్టుకుని, భూతద్దం నా చేతికిచ్చాడు. "బెజ్జంలోకి చూడమ్మా" అన్నాడు. అంచున గోరు మందం కూడా లేని మెరిసే పొర. దాని కింద సన్నని ముదురు గీత. ఆ లోపల మెరుపు లేని తెల్లటి పూస. "కల్చర్ ముత్యం" అన్నాడు. మనసు చివుక్కుమంది. ఇన్నేళ్లూ అమ్మ మురిసిపోయింది నకిలీవి చూసుకునా?

తెలుసుకున్నకొద్దీ నకిలీ అన్న మాటే తప్పని తేలింది. స్వాతి చినుకు పడితే ముత్యమవుతుందని పెద్దవాళ్లు చెప్పేవారు, ఇసుక రేణువు చేరితే అవుతుందని బళ్లో చెప్పారు. స్వాతి చినుకు నమ్మకమే, ఇసుక కారణమయ్యేదీ అరుదుగానే. ఆల్చిప్పకు పెంకు కట్టేది దాని ఒంటిని కప్పి ఉండే మెత్తటి పొర. ఏ పురుగో తొలిచినప్పుడు, గాయమైనప్పుడు ఆ పొరలోని కణాలు కొన్ని లోపలి కండలోకి జారిపోతాయి. అక్కడా తమ పని మానవు. చిన్న సంచిలా కమ్ముకుని, సున్నపు పలకలు పేర్చుకుంటూ పోతాయి. ఒక్కో పలక మందం మిల్లీమీటరులో సుమారు రెండువేలో వంతు. మధ్యన జిగురులా ప్రొటీన్. ఆ పొరల్లోంచి వెలుతురు తిరిగి రావడమే ముత్యపు నిగారింపు.

ఇదే పనిని మనిషి కావాలని ఆల్చిప్ప చేత చేయిస్తే వచ్చేదే కల్చర్ ముత్యం. జపాన్‌లో మికిమోటో కోకిచి 1893లో అర ముత్యం పండించాడు. గుండ్రటిది కావాలంటే మరో చిప్ప నుంచి కోసిన ఆ మెత్తటి పొర ముక్కను, మంచినీటి ఆల్చిప్ప పెంకుతో చేసిన పూసను కలిపి ఆల్చిప్ప లోపల పెట్టాలి. మన దేశంలో 1973లో తూత్తుకుడిలో శాస్త్రవేత్త అళగర్‌స్వామి దాన్ని సాధించారు.

అంటే మనిషి చేసింది ఆ కణాలకు చోటు మార్చడం, పూస అందించడం. పొర మీద పొర వేసింది ఆల్చిప్పే. జపాన్ అకోయా చిప్పలైతే ముత్యం తీసేటప్పుడు ప్రాణమే పోగొట్టుకుంటాయి. అలాంటిదాన్ని నకిలీ అనడం అన్యాయం. గాజు పూసకు మెరుపు రంగు పూసి అమ్మేది నకిలీ.

పెద్దాయన పట్టుదారంతో, ముత్యానికీ ముత్యానికీ నడుమ ముడి వేసి దండ ఇచ్చాడు. మీరు కొనబోయినప్పుడు "అసలువేనా?" అని అడిగి ఊరుకోకండి. భూతద్దం తెప్పించుకుని, బెజ్జం దగ్గర పొర ఎంత మందముందో చూడండి.