పూజగదిలో తెల్లదీపము

గత కార్తికమున మా పూజగదిలో మాడిపోయిన బల్బునకు మారుగా క్రొత్త ఎల్‌ఇడి బల్బు నొకదానిని తెచ్చి తగిలించితిని. ఆ సాయంకాలము మా యమ్మ ఆవునేతి వత్తి వెలిగించి, చేతులు జోడింపబోయి, ఆగి, "దీపం పెట్టినట్టే లేదు నాయనా, ఆ పైది ఆర్పెయ్యి" అనెను. నిజమే. గడప పసుపు పాలిపోయి, కుంకుమ ఇటుకపొడివలె వెలవెలబోయి, వత్తిచుట్టును మెల్లగా వ్యాపింపవలసిన బంగారుకాంతి ఆ నీలిఛాయ తెలుపులో మునిగి యుండెను.

అట్టపెట్టెపై 6500 కెల్విన్ అని యుండెను. కొనునపుడు వాట్లను చూచితిని గాని దానిని చూడలేదు. కొలిమిలోని ఇనుము మొదట ఎఱ్ఱబడి, పిదప పసిమి దేఱి, మఱింత కాగినకొలది తెల్లబాఱుట కమ్మరి యెఱిగినదే. వన్నెకును వేడిమికిని గల యా సంబంధమును ఆధారము చేసికొని, ఏ వన్నె వెలుగు ఎంత కాగిన వస్తువునుండి వెలువడునో ఆ ఉష్ణోగ్రతనే దానికి కొలతగా శాస్త్రజ్ఞులు నిలిపిరి. ఆ లెక్కను దీపజ్వాల ఇంచుమించు 1900, టంగ్‌స్టన్ తీగ బల్బు 2700, పగటి వెలుగు 6500. ఎల్‌ఇడిలో అంత వేడి యేమియు లేదు. నీలికాంతి నీను స్ఫటికముపై పసుపు ఫాస్ఫరు పూసి తెలుపును సాధింతురు, పూత పాళ్లు మార్చి వన్నె మార్చుదురు. చవుక తెల్లబల్బులో గాఢమైన ఎఱుపు కొఱవడుట వలననే మా కుంకుమ కళ తప్పినది.

తెలుపే వెలుతురని మనవారి నమ్మకము. వోల్టేజి చాలక ఎఱ్ఱగా మినుకుమను బల్బు క్రింద చదువుకొని, పిదప ట్యూబులైటు వచ్చిననాడు ఇల్లంతయు పట్టపగలైనదని పొంగిపోయిన తరమువారిలో నేనును ఒకడను గనుక, ఆ నమ్మకమును తేలికగా త్రోసివేయజాలను. కాని వెలుతురు పరిమాణమును తెలుపునవి ల్యూమెన్లు, కెల్విన్లు కావు. పైగా, వెలుతురు కొద్దిగా నున్నచోట తెల్లని వన్నె కంటికి దిగులు గొలుపుననియు, అధికముగా నున్నచోటనే హాయి నిచ్చుననియు క్రూయిట్‌హాఫ్ అను డచ్చి శాస్త్రవేత్త 1941లోనే చెప్పెను; ఆయన గీచిన హద్దులను తరువాతివారు కొందఱు ఒప్పుకొనలేదు గాని, మా చిన్నగదిలో ఆ సంధ్యవేళ నాకు తోచినది మాత్రము అదే.

వంటింటిలో బియ్యపురాళ్లు కనబడవలెను గనుక 4000 ఉంచితిని. పడకగదిలో 2700, ఏలయన నీలికాంతి రాత్రివేళ నిద్రకు తోడ్పడు మెలటోనిన్ స్రావమును అణచును. పూజగదికై 2700లోనే, రంగులను యథాతథముగా చూపు సూచిక 90 దాటినదానిని నాలుగు దుకాణములు తిరిగి వెదకి తెచ్చితిని. ధర రెట్టింపైనను చింతలేదు, కుంకుమ మరల కుంకుమయైనది. హారతివేళకు మాత్రము అమ్మ దానిని సైతము ఆర్పివేసి, కర్పూరపు వెలుగులో దేవుని ముఖము చూచును.