పస్తేల్ ద నాత: బొటనవేలి పనితనం

వెన్న రాసి కాల్చిన మందపాటి రొట్టె ‘తొర్రాద’, పొడవాటి గాజు గ్లాసులో కొద్దిపాటి కాఫీకి ఎక్కువ పాలు చేర్చి ఇచ్చే ‘గలావ్’ పోర్చుగల్ ఉదయపు ఫలహారంలో నిత్యం కనిపించేవే అయినా, గుడ్డు పచ్చసొన, పాలు, పంచదార పాకం కలిపిన మిశ్రమాన్ని పిండి గిన్నెలో నింపి కాల్చే ‘పస్తేల్ ద నాత’లోనే అక్కడి పనివారి నేర్పు పూర్తిగా వెల్లడవుతుంది. మైదా ముద్దను పలుచగా వత్తి, వెన్న పూసి, మడతలు వేసి, చివరకు చాపలా చుట్టి ముక్కలుగా కోసిన తరువాత, పనివాడు ఒక్కొక్క ముక్కను కోసిన వైపు పైకి ఉండేలా చిన్న లోహపు అచ్చులో పెట్టి, నీటితో తడిపిన బొటనవేలితో నడుమ నుండి అంచులకు నొక్కుకుంటూ పోతాడు. అడుగు పలుచబడి, పొరలు అచ్చు గోడల వెంట పైకి లేస్తాయి. ఇక్కడ తొందరపడితే పొరలు అతుక్కుపోయి కరకరలాడే గుణమే పోతుంది కనుక, ఈ ఓర్పును ఎంత మెచ్చుకున్నా తక్కువే. అందులో మిశ్రమం నింపి పెట్టాక, భగభగమండే పొయ్యిలో కొద్ది నిమిషాలకే పైభాగాన పడే నల్లని మచ్చలు సరైన కాల్పుకు గుర్తులు. 1834లో మఠాలు రద్దయిన అనంతరం లిస్బన్‌లోని జెరోనిమోస్ మఠంలో దీనిని చేసే పద్ధతి 1837లో బెలేం ప్రాంతంలోని ఒక దుకాణానికి చేరి నేటికీ కొనసాగుతోంది. సందర్శకులు పస్తేల్ ద నాతను దాల్చినచెక్క పొడి చల్లుకుని వేడిగా ఉండగానే తినాలి.