వేటగాడి పాపం ఎవరి లెక్క?

పన్నెండేళ్ళ కిందట ఏజెన్సీలోని ఒక ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతి పిల్లలకు వాల్మీకి కథ చెప్పాం. అందరికీ తెలిసిన కథే. అడవిలో దారికాచి దోచుకునే బోయవాడికి నారదుడు ఎదురవుతాడు. నీ సంపాదన తింటున్న ఇంటివాళ్ళు నీ పాపంలో కూడా వాటా తీసుకుంటారేమో అడిగి రమ్మంటాడు. భార్యా పిల్లలూ మమ్మల్ని సాకడం నీ పని, నీ పాపంలో మాకు భాగం లేదు పొమ్మంటారు. బోయవాడికి కళ్ళు తెరుచుకుంటాయి. ఇక తపస్సు, పుట్ట, రామాయణం. ఆ రోజు కథ బాగా పండింది. పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. ఆ ఊపులో మేము సొంతంగా ఒక మాట కలిపాం. 'నోరులేని జీవాల్ని చంపడం కూడా పాపమే పిల్లలూ' అన్నాం. ఆ మాట ఏ పుస్తకంలోనూ చూసి చెప్పింది కాదు. మా చిన్నప్పుడు మా సార్లు మాకు అలాగే చెప్పారు, మేము అలాగే అప్పజెప్పాం.

నాలుగు రోజుల తర్వాత ఒక పిల్లాడి తండ్రి బడికి వచ్చాడు. లోపలికి రాకుండా వరండాలోనే నిలబడ్డాడు. 'సారూ, నిన్న వాగులో వల వేసి చేపలు తెచ్చాను. వాళ్ళమ్మ కూర వండింది. మావాడు ముట్టలేదు. ఎందుకురా అంటే, నీ పాపంలో నాకు భాగం లేదు అన్నాడు. ఆ మాట విన్నాక ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు సారూ' అన్నాడు. కోపంగా అనలేదు. కాసేపాగి, 'చేపలు పట్టడం పాపమని ఎవరు చెప్పారు సారూ, దేవుడా, పుస్తకమా?' అని అడిగాడు.

దేవుడు చెప్పలేదు, పుస్తకం కూడా చెప్పలేదు, మేమే చెప్పామని అనడానికి ఆ రోజు నోరు రాలేదు. పిల్లాడికి నచ్చజెబుతాంలే అన్నా అని పంపించేశాం. ఈ వ్యాసం ఆయనకు మేము బాకీపడ్డ జవాబు.

పాపాన్ని నిర్ణయించేది దేవుడా, మనుషులా అన్నది పాత ప్రశ్న. గ్రీకు దేశంలో ప్లేటో రాసిన 'యూథిఫ్రో' అనే సంభాషణలో సోక్రటీసు దాదాపు ఇదే అడుగుతాడు. దేవతలు మెచ్చారు కాబట్టి అది మంచిదయిందా, మంచిది కాబట్టి దేవతలు మెచ్చారా అని. పుస్తకం ముగిసేదాకా ఎదుటివాడు తేల్చలేడు. మేము కూడా ఆకాశం వైపు చూసి తేల్చగలమనుకోవడం లేదు. కాని కథల వైపు చూడవచ్చు. మన పిల్లలకు బళ్ళో, టీవీలో, హరికథల్లో వినిపించే కథల్లో వేటగాడు చాలాసార్లు వస్తాడు. వేటగాడంటే ఎక్కడో ఉండేవాడు కాదు, మన తాత. అతని పనిని ఏ కథ ఏమని తూచిందో చూస్తే, తక్కెడ ఎవరి చేతిలో ఉందో కొంత తెలుస్తుంది.

ముందు వాల్మీకి కథే చూద్దాం. ఈ దారిదోపిడీ కథ వాల్మీకి రామాయణంలో లేదు. తరువాతి కాలపు అధ్యాత్మ రామాయణంలో ఉంది. అక్కడ ఎదురయ్యేది నారదుడు కాదు, సప్తర్షులు. ఇంకో తేడా కూడా ఉంది, మనం బాగా గుర్తుపెట్టుకోవలసింది. అందులో వాల్మీకి పుట్టుకతో బ్రాహ్మణుడు. కిరాతుల మధ్య పెరిగి దొంగ అయ్యాడు. అంటే దొంగతనం కిరాతుల సావాసం వల్ల వచ్చింది, మహర్షి కావడం పుట్టుకలోనే ఉంది! జనం నోట పడ్డాక కథ మారింది. సప్తర్షులు నారదుడయ్యారు, బ్రాహ్మణుడు బోయవాడయ్యాడు. మన ఏజెన్సీలో వాల్మీకి పేరుతోనే ఒక తెగ ఉంది. ఆ తెగ పిల్లవాడు మా తరగతిలో కూర్చుని ఈ కథ వింటే ఎలా ఉంటుందో కథ చెప్పేటప్పుడు మాకు తట్టలేదు. ఒకే మనిషి పుట్టుకను ఇలా మార్చి చెప్పుకున్నవాళ్ళు మనుషులే. మరి అందులోని పాపం లెక్క ఒక్కటే పైనుంచి దిగివచ్చిందని ఎలా అనుకోవాలి?

ఇక రామాయణం మొదట్లోనే వచ్చే క్రౌంచ పక్షుల ఘట్టం. నిషాదుడు జంటలో మగపక్షిని కొట్టాడు. ఆడపక్షి ఏడుపు విని మహర్షికి కడుపు తరుక్కుపోయింది. ఆ శోకమే శ్లోకమైంది. అందులోని దయను మేము కాదనం. కాని ఆ శ్లోకం ఒక నిషాదుడికి తగిలిన శాపం. అతనికి పేరు లేదు. నోటినుంచి ఒక్క మాట రాదు. ఎందుకు కొట్టాడో, ఇంట్లో ఎవరు ఎదురుచూస్తున్నారో ఎవరూ అడగరు. శాపం పడ్డాక మళ్ళీ కనిపించడు. అదే కావ్యంలో దశరథుడు కూడా వేటకు వెళతాడు, తిండి కోసం కాదు. చీకట్లో శబ్దాన్ని బట్టి బాణం వేస్తాడు. ఏనుగనుకుని వేసిన బాణం నీళ్ళు ముంచుకుంటున్న మునికుమారుడికి తగిలింది కాబట్టి పాపమైంది. అది నిజంగా ఏనుగే అయితే ఆ రాత్రికి కథే లేదు. అక్కడ తప్పు వేట కాదు, జంటగా ఉన్న వేళ కొట్టడమని కొందరు పండితులు క్రౌంచ ఘట్టానికి అర్థం చెబుతారు. ఆ అర్థం మాకు నచ్చుతుంది. మా తాతలు కూడా సూడిదాన్ని, పాలిచ్చే తల్లిని కొట్టినవాణ్ణి ఊళ్ళో మందలించేవారు. కాని మా తరగతిలో మేము పిల్లలకు ఈ అర్థం చెప్పలేదు. చంపడం పాపం అని ఒక్క ముక్కలో తేల్చేశాం.

మహాభారతం అరణ్యపర్వంలో ధర్మవ్యాధుడి కథ ఉంది. వ్యాధుడంటే వేటవాడే. మిథిలలో మాంసం అమ్ముకుంటాడు. తపస్సు చేసి, కంటిచూపుతో కొంగను కాల్చిన కౌశికుడనే బ్రాహ్మణుడు ధర్మం నేర్చుకోవడానికి ఆ మాంసం కొట్టు దగ్గరికి రావలసి వస్తుంది. నేను చేసేది తాతముత్తాతల నుంచి వచ్చిన పని, ఇందులో హింస ఉంది, కాని నాగలి పట్టినవాడు భూమిలో ఎన్ని జీవాల్ని చంపుతున్నాడో చూశావా, హింస లేకుండా బతికేవాడెవడు అని వ్యాధుడు అడుగుతాడు. తల్లిదండ్రుల్ని ఎలా సాకుతున్నాడో ఇంటికి తీసుకువెళ్ళి చూపిస్తాడు. వ్యాధుడు తన పనిని గొప్పది అనడు, నిజాన్ని దాచడు. మాకు తెలిసిన వేటగాళ్ళ కథలన్నిటిలోనూ నిజాయితీ గల కథ ఇదే. దీన్ని మా చిన్నప్పుడు మాకెవరూ చెప్పలేదు. టీచరయ్యాక చదువుకున్నాం.

మూడోది తిన్నడి కథ. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో రాశాడు. సినిమా చూసినవాళ్ళకు కన్నప్పగా తెలుసు. తిన్నడు వేటాడిన మాంసాన్ని రుచి చూసి మరీ శివుడికి పెట్టాడు. పూజారి అది చూసి గుడి మైలపడిందని గుండెలు బాదుకున్నాడు. శివుడు మాత్రం తిన్నడి మాంసమే తిన్నాడు.

వేట ఒకటే, తీర్పులు మూడు. ఒకచోట శాపం, ఒకచోట బతుకుతెరువు, ఒకచోట నైవేద్యం. మూడు కథల్నీ భక్తితో వినేవాళ్ళు ఒకే ఊళ్ళో ఉన్నారు. దేవుడే పాపాన్ని ఒక్కసారిగా నిర్ణయించి ఉంటే ఇన్ని తీర్పులు ఎందుకు? పూజారి పాపమన్నదాన్ని దేవుడు తిన్నాడంటే, పాపమన్నది పూజారి మాటే కదా.

ఇప్పుడు మన ఇళ్ళలోకి వద్దాం. మా కోయ ఊళ్ళలో పాపం అనే మాట పంచాయతీలో వినబడదు. వినబడేది తప్పు. ఒకడి ఎద్దు ఇంకొకడి చేను మేసింది, తప్పు. తన గట్టులోనే పిల్లను తెచ్చుకున్నాడు, అది పెద్ద తప్పు. పెద్దలు కూర్చుంటారు, ఇద్దరి మాటా వింటారు, తప్పు వేస్తారు. అతను తప్పు కడతాడు. చేసిన పనికీ, కట్టే దండగకీ మాట ఒకటే చూడండి. కట్టాక అందరూ కలిసి తింటారు, మర్నాడు అతనూ అందరితోపాటే పనికి పోతాడు. తప్పు తీరిపోతుంది. పాపం తీరదు, మనిషికి అంటుకుంటుంది, చచ్చాక కూడా వెంట వస్తుందంటారు. ఇంకో సంగతి. తప్పు కట్టే స్తోమత అతనికి లేకపోతే అన్నదమ్ములు తలా కాస్త వేస్తారు, బావమరిది మేకను తోలుకొస్తాడు. నీ తప్పులో మాకు భాగం లేదు అని మా ఊళ్ళో ఏ ఇల్లూ అనగా మేము వినలేదు. వాల్మీకి కథలో ఆ ఇల్లాలు చెప్పిన జవాబు మా ఇళ్ళలో పుట్టే జవాబు కాదు. దాన్నే మా పిల్లాడు బళ్ళో నేర్చుకుని కన్నతండ్రి ముందు పెట్టాడు.

మరి మన దేవుళ్ళకు ఇందులో పని లేదా? హైమెండార్ఫ్ అనే పండితుడు 1940లలో చెంచుల్లో, కొండరెడ్లలో, గోండుల్లో తిరిగి పుస్తకాలు రాశాడు. 1967లో 'మోరల్స్ అండ్ మెరిట్' అనే పుస్తకంలో ఆయన ఈ విషయమే చర్చించాడు. చిన్న ఆదివాసీ సమాజాల్లో మంచిచెడ్డల్ని నిలబెట్టేది చచ్చాక దేవుడు వేసే శిక్ష కంటే సాటి మనుషుల మాట అన్నది ఆయన చెప్పినదాని సారం. సగం ఒప్పుకుంటాం. మన వేల్పులు చావు తర్వాత చిట్టా విప్పేవాళ్ళు కాదు. కాని బతికుండగా కోపగిస్తారు. కొత్తల పండుగ చేయకముందే కొత్త మామిడికాయ కొరికితే అమ్మ ఊరుకుంటుందా? ఊరుకోదు. ఒక కోడి ఇస్తే శాంతిస్తుంది. టెంక ముదరకముందే కాయలన్నీ కోసేస్తే రేపు మొలక ఉండదు కాబట్టి పెద్దలు ఆ కట్టుబాటు పెట్టారని మేము అనుకుంటాం. కట్టుబాటు పెట్టింది పెద్దలు, కాపలా పెట్టింది వేల్పును.

ఇలా చెబుతుంటే మనవాళ్ళ లెక్క అంతా సరైనదే అన్నట్టు ఉంటుంది. కాదు. ఒక ఊళ్ళో వరసగా పిల్లలకు జ్వరాలు వచ్చాయి. ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడ చిల్లంగి పెట్టిందన్నారు. పెద్దలు కూర్చున్నారు, తప్పు వేశారు, ఆవిడ తరఫున మాట్లాడడానికి అన్నదమ్ములు లేరు. తర్వాత రక్తపరీక్ష చేస్తే అది మలేరియా. ఆ రోజు మేమూ అక్కడే ఉన్నాం, చదువుకున్నవాళ్ళం, మాట్లాడలేదు. ఆవిడ ఊరు విడిచి కూతురి దగ్గరికి పోయింది. మైల రోజుల్లో ఆడపిల్లను ఇంటి బయట పడుకోబెట్టడం కూడా ఎవరో ఒకరు పెట్టిందే. అది అమ్మవారి ఆజ్ఞ అంటే ఎవరూ ఎదురు చెప్పలేరు. మా తాతల మాట అని ఒప్పుకుంటే, తాతలు పొరపాటు పడ్డారేమో అని అడగడానికి సందు దొరుకుతుంది. మేము ఈ ప్రశ్నను వదలకుండా పట్టుకున్నది ఇందుకే. పాపాన్ని మనుషులే నిర్ణయించారంటే పాపమే లేదని చెప్పినట్టు కొందరు మిత్రులు భయపడతారు. ఆ పెద్దావిడ ఊరు దాటిపోతుంటే చూస్తూ నిలబడ్డవాళ్ళం మేము. పాపం లేదని ఎలా అంటాం?

నిర్ణయించే అధికారం ఊరి చేతిలోనుంచి సర్కారు చేతిలోకి పోయినప్పుడు ఏమయిందో కూడా మనకు తెలుసు. 1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. కొన్ని తెగల్లో పుట్టడమే నేరమయింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అప్పటిదాకా సేద్యం అనిపించుకున్న పోడు ఆ తర్వాత నేరమయింది. కొండ మారలేదు, గొడ్డలి మారలేదు, కాగితం మారింది. అదే అడవిలో దొరలూ జమీందార్లూ సరదాకి పులుల్ని కాల్చి, వాటి మీద కాలు పెట్టి ఫొటోలు దిగారు. చివరికి 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం తన పీఠికలోనే మనకు చారిత్రకంగా అన్యాయం జరిగిందని ఒప్పుకుంది. (1972 వన్యప్రాణి చట్టం ఇప్పుడు వేటను నిషేధించింది. జంతువులు తరిగిపోయాయి, ఆ కట్టుబాటు అవసరమేనని పిల్లలకు చెబుతాం. చట్టవిరుద్ధం అని చెప్పడం వేరు, మీ తాత పాపాత్ముడు అని చెప్పడం వేరు. తమ్ముళ్ళూ, ఈ రెంటినీ కలపవద్దు.)

ఇప్పుడు మేము ఐదో తరగతికి మూడు కథలూ వరసగా మూడు రోజులు చెబుతున్నాం. సొంత మాట కలపడం లేదు. నాలుగో రోజు పిల్లల్నే పంచాయతీ పెట్టమంటాం. కిందటేడు ఆ పంచాయతీలో వాల్మీకి భార్య మీద వాదన నడిచింది. తిన్న తర్వాత భాగం లేదనడం తప్పు అని ఒక అమ్మాయి గట్టిగా పట్టుబట్టింది. దోచుకొచ్చిందని ఆమెకు తెలుసో లేదో ముందు అడగాలి కదా అని ఇంకో అమ్మాయి లేచింది. తెలుసు, తెలియదు అని తరగతి రెండుగా చీలిపోయింది. చివరికి ఆ ఇల్లాలికి ఒక కోడి తప్పు వేశారు. అది కూడా ఆమె ఒక్కతే కట్టకూడదు, మొగుడు సగం వేసుకోవాలి అన్నారు. నారదుడికి ఏం వెయ్యాలి సార్ అని వెనకనుంచి ఒకడు అరిచాడు. ఇంతలో మధ్యాహ్న భోజనం గంట కొట్టారు.