ఫైళ్ల జీర్ణోద్ధారకుడు

విద్యుత్తు హఠాత్తుగా ఆగి సర్వరు కూలి, డిస్కుపై వ్రాత సగములో నిలిచి, ఫైల్‌సిస్టమ్ తన లెక్కలు తనకే పొసగని దురవస్థలో పడినవేళ, కార్యాలయమెల్ల కలవరపడుచుండగా తాను తొందరపడక పనికి పూనుకొను సిస్టమ్ అడ్మినిస్ట్రేటరు నైపుణ్యము మిక్కిలి శ్లాఘనీయము.

అతని ప్రథమధర్మము సంయమము. మూలమైన డిస్కుపై ఒక్క బైటైనను వ్రాయనీయక, దాని యథాతథమైన ప్రతిని వేరొక డిస్కునకు ఎక్కించి, ఆ ప్రతిపైననే చికిత్స ప్రారంభించును. లినక్సునందలి ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌లో, దాని మూలవివరములుంచు సూపర్‌బ్లాకు చెడినను నిరాశ చెందనక్కరలేదు. ఆ సూపర్‌బ్లాకు నకళ్లు డిస్కున పలుచోట్ల నుండును. బ్లాకు పరిమాణము 4096 బైట్లైనచో మొదటి నకలు సాధారణముగా 32768వ బ్లాకున లభించును. పిమ్మట ఫైల్‌సిస్టమును పరీక్షించు ఎఫ్‌ఎస్‌సీకే అను ఉపకరణము 5 దశలలో ఫైళ్ల వివరములుంచు ఐనోడులను, డైరెక్టరీల నిర్మాణమును, వాని పరస్పర సంబంధమును, లింకుల సంఖ్యలను, ఖాళీ బ్లాకుల పట్టికలను, కరణము అడంగలును పొలముతో పోల్చినట్లు, వరుసగా సరిచూచును. పేరు కోల్పోయిన ఫైళ్లు ‘లాస్ట్+ఫౌండ్’ డైరెక్టరీలో అంకెలే నామధేయములుగా చేరును.

అయితే ఆ ఉపకరణము నిర్మాణమును పొందికపరచునే గాని నశించిన విషయమును తెచ్చి యీయజాలదు; అది అడుగు ప్రతి ప్రశ్నకును ‘అవును’ అనుట విద్య కాదు. ఏ అంకె ఏ పత్రమో లోపలి గుర్తులనుబట్టి పోల్చుకొనుట, బ్యాకప్పుతో సరిచూచుట మనుష్యుని వివేకమునకే సాధ్యము. 2001లో జర్నలింగు, అనగా మార్పులను ముందుగా చిట్టాలో వ్రాసికొను పద్ధతి, గల ఈఎక్స్‌టీ3 లినక్సు కెర్నెలున చేరిన పిమ్మట ఈ శ్రమ తగ్గినదే గాని తొలగలేదు. సర్వరు లేచిన వెంటనే క్రొత్త బ్యాకప్పు తీసి, అది తెరచుకొనునో లేదో పరీక్షించినగాని యింటికి పోని యిట్టి పనివాడు లభించుట ఏ సంస్థకైనను భాగ్యమే.